మబ్బులో ముల్లే దారి

కిటికీలోంచి నేల గానీ ఆకాశం గానీ కనిపించకపోయినా, కాక్‌పిట్‌లోని పరికరాలు చూపే అంకెలను, ముళ్లను నమ్ముకుని విమానం నడపడాన్ని ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్ అంటారు. ప్రయాణికుల విమానాలు నడిపేవారికి ఇది రోజువారీ ఉద్యోగంలో భాగం. సొంత సరదాతో, సొంత ఖర్చుతో రెండు సీట్ల, నాలుగు సీట్ల చిన్న విమానం నడిపే ప్రైవేట్ పైలట్‌కు ఇది తప్పనిసరి కాదు. ప్రైవేట్ పైలట్ లైసెన్స్ ఉంటే చాలు, ఆకాశం తేటగా ఉన్న రోజున ఎగరవచ్చు. మబ్బులోకి వెళ్లాలంటే మాత్రం ఆ లైసెన్స్‌కు అదనంగా ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ అనే అర్హత సంపాదించుకోవాలి. తప్పనిసరి కాని ఈ విద్య కోసం డబ్బు, కాలం పోసి నేర్చుకునే ప్రైవేట్ పైలట్లు ప్రపంచంలో చాలామందే ఉన్నారు. నేర్చుకున్న తర్వాత కూడా, వెళ్లాల్సిన ఊరేమీ లేకపోయినా, కేవలం సాధన కోసం బయలుదేరేవారున్నారు. వారిని పిలిచేది అవసరం ఒక్కటే కాదు, ఆ సాధనలో ఉన్న తృప్తి.

చూపు మీద ఆధారపడి ఎగరడానికి మన దేశంలో స్పష్టమైన హద్దులున్నాయి. పది వేల అడుగుల లోపు ఎత్తులో ఎదురుగా కనీసం 5 కిలోమీటర్ల దూరం కనిపించాలి. మబ్బుకు పక్కగా 1,500 మీటర్లు, పైకీ కిందికీ వెయ్యి అడుగులు ఎడంగా ఉండాలి. పొద్దు కుంకిన తర్వాత ఒక ఊరి నుంచి మరో ఊరికి ఈ పద్ధతిలో వెళ్లడం కుదరదు. విమానాశ్రయం చుట్టుపక్కల తిరగడానికి మాత్రం కంట్రోల్ టవర్ అనుమతి ఇవ్వవచ్చు. ఈ హద్దులకు అవతల ఉన్నదంతా ఇన్‌స్ట్రుమెంట్ నిబంధనల పరిధి.

చూపుతో ఎగిరేవారికి కృష్ణా డెల్టా చాలా అనువైన నేల. ప్రకాశం బ్యారేజీ ఆకాశం నుంచి చూస్తే ఎంతో దూరానికి ఆనవాలు. దానికి ఎగువన నిండు నీరు, దిగువన ఇసుక మేటలు, లంకలు. బెజవాడ నుంచి విడిపోయి సాగే ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ మూడూ మూడు దారులు చూపిస్తాయి. ఇబ్రహీంపట్నం దగ్గర నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు, వాటి వెనక కొండపల్లి కొండలు, తూర్పున కొల్లేరు, దాని చుట్టూ చేపల చెరువులు. చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారిని పట్టుకుని ఈశాన్యంగా వెళితే గన్నవరం విమానాశ్రయం వచ్చేస్తుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనిక స్థావరంగా ఉన్న ఈ చోట ఇప్పుడు 3,360 మీటర్ల రన్‌వే ఉంది. దాని రెండు కొసలకు 08, 26 అని అంకెలు. అంటే ఇంచుమించు తూర్పు పడమరలుగా పరుచుకుని ఉందని అర్థం. సముద్రమట్టానికి దాని ఎత్తు 25 మీటర్లే. ఇన్ని గుర్తులున్న నేల మీద, తేటగా ఉన్న రోజున, దారి తప్పడం కష్టం.

ఇదే నేల ఏడాదిలో కొన్ని వారాలు పొద్దున్నే కనిపించకుండా పోతుంది. సార్వా వరి కోతలు అయ్యాక మాగాణి ఇంకా తడిగానే ఉంటుంది. ఆ తేమతోనే మినుము మొలకెత్తుతుంది. ధనుర్మాసంలో రాత్రిపూట ఆకాశంలో మబ్బు ఉండదు, గాలి కదలదు. పగటి వేడిని నేల త్వరగా పైకి వదిలేసి చల్లబడుతుంది. నేలను ఆనుకున్న గాలిలోని తేమ గడ్డకట్టకుండా సన్నని నీటి బిందువులుగా మారి అక్కడే వేలాడుతుంది. పొలాలు, కాలువలు, చెరువులు, నది అన్నీ ఆ తేమకు తలా ఒక చేయి వేస్తాయి. పొద్దెక్కి నేల వేడెక్కితే గానీ ఆ పొగమంచు విడదు. జూన్ తర్వాత నైరుతి రుతుపవనాల మబ్బు కిందికి దిగి కూర్చుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో వాయుగుండాలు, తుపానులు. మబ్బూ మంచూ లేని రోజున కూడా, కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి వైపు వెళితే, మసక వల్ల నీరూ ఆకాశమూ ఒకే రంగులోకి తిరిగి, వాటి మధ్య గీత చెరిగిపోవచ్చు. పైలట్‌కు కావలసింది ఆ గీతే. దాన్నే క్షితిజం అంటారు. రెక్కలు సమంగా ఉన్నాయా, ముక్కు పైకి లేచిందా అన్నది తెలిసేది దాన్ని బట్టే.

క్షితిజం పోయినప్పుడు మనిషి శరీరం సాయపడకపోగా మోసం చేస్తుంది. లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకార నాళాలు ఉంటాయి. వాటిలో ద్రవం ఉంటుంది. తల తిరగడం మొదలైనప్పుడు ద్రవం వెనకబడుతుంది, ఆ తేడాను బట్టి మెదడు మలుపును గుర్తిస్తుంది. మలుపు ఒకే వేగంతో కొన్ని సెకన్లు కొనసాగితే ద్రవం కూడా నాళంతోపాటు తిరగడం మొదలుపెడుతుంది. అప్పటి నుంచి విమానం తిన్నగా వెళుతున్నట్టే తోస్తుంది. పైలట్ మలుపు ఆపి రెక్కలు సమం చేయగానే ద్రవం తన ఊపున ఇంకా తిరుగుతూ, అవతలి వైపుకు తిరుగుతున్న భ్రమ పుట్టిస్తుంది. ఆ భ్రమను నమ్మి దిద్దబోతే విమానం మళ్లీ పాత మలుపులోకే పడుతుంది. ఒరిగిన విమానం ఎత్తు కోల్పోతుంది. అది చూసి పైలట్ స్టిక్ వెనక్కి లాగుతాడు. ఒరుగు తీయకుండా లాగితే మలుపు మరింత బిగుస్తుందే తప్ప ఎత్తు రాదు. టేకాఫ్‌లో వేగం పుంజుకుంటున్నప్పుడు మరో రకం భ్రమ ఉంది. వీపును వెనక్కి నెట్టే ఆ ఒత్తిడిని మెదడు ముక్కు పైకి లేచినట్టుగా అర్థం చేసుకుంటుంది. చీకట్లో దాన్ని నమ్మి ముక్కు కిందికి వంచినవారు నేలను తాకారు.

ఈ మోసాన్ని అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం 1954లో పరీక్షించి చూసింది. పరికరాలతో ఎగరడంలో అనుభవం లేని ఇరవై మందిని, వెంట శిక్షకుడు ఉండగా, బయటి చూపు లేకుండా చేసి ఎగరనిచ్చారు. ఇరవై మందీ విమానంపై అదుపు కోల్పోయారు. పంతొమ్మిది మంది బిగుసుకునే మలుపులోకి జారారు, ఒకరు ముక్కు మరీ పైకెత్తి వేగం పోగొట్టుకున్నారు. అదుపు తప్పడానికి పట్టిన సగటు కాలం 178 సెకన్లు. మూడు నిమిషాలు కూడా కాదు. 1999 జులై 16 రాత్రి అమెరికా మాజీ అధ్యక్షుడు కెనెడీ కుమారుడు జాన్ కెనెడీ జూనియర్ తన చిన్న విమానంతో మార్తాస్ వినయార్డ్ దీవి దగ్గర సముద్రంలో కూలిపోయినప్పుడు, అక్కడ తుపాను లేదు, ఉరుము లేదు. మసక, చీకటి, కింద నీరు, అంతే. ఆయనకు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ లేదు, శిక్షణ నడుస్తోంది. దిక్కూ తెన్నూ తెలియని భ్రమలో అదుపు తప్పడమే కారణమని దర్యాప్తు సంస్థ తేల్చింది.

శరీరం చెప్పేదాన్ని పక్కన పెట్టాలన్న సంగతి విమానయానం మొదలైన చాలా ఏళ్లకు గానీ తేలలేదు. నిఖార్సైన పైలట్‌కు మబ్బులో కూడా ఒంటితోనే తెలుస్తుందని అప్పట్లో గర్వంగా చెప్పుకునేవారు. 1926లో అమెరికా సైన్యానికి చెందిన విలియం ఓకర్ అనే పైలట్‌ను డేవిడ్ మయర్స్ అనే డాక్టర్ కళ్లకు గంతలు కట్టి తిరిగే కుర్చీలో కూర్చోబెట్టాడు. ఎటు తిరుగుతున్నాడో ఓకర్ సరిగ్గా చెప్పలేకపోయాడు. ఆ ఓటమి నుంచే పరికరాలతో ఎగిరే శిక్షణకు ఒక పద్ధతి పుట్టింది. 1929 సెప్టెంబరు 24న న్యూయార్క్ దగ్గర మిచెల్ ఫీల్డ్‌లో జేమ్స్ డూలిటిల్ కాక్‌పిట్ పైన పూర్తిగా మూత వేసుకుని టేకాఫ్ చేసి, చుట్టి వచ్చి, దిగాడు. అంతా పదిహేను నిమిషాల పని. ముందు సీట్లో బెన్ కెల్సీ అనే మరో పైలట్ ఉన్నాడు గానీ కంట్రోళ్లు ముట్టుకోలేదు. కృత్రిమ క్షితిజం, గైరోతో దిక్కు చూపే పరికరం, కచ్చితమైన ఆల్టీమీటర్ ఆ రోజున కలిసి పనిచేశాయి.

ఎడ్విన్ లింక్ అనే యువకుడు తన తండ్రి ఆర్గన్ వాద్యాల ఫ్యాక్టరీలో, వాద్యాలకు గాలి ఊదే తిత్తులతోనే నేల మీద కదిలే శిక్షణ విమానం తయారుచేసింది కూడా 1929 ప్రాంతంలోనే. మొదట దాన్ని జాతరల్లో ఆటవస్తువుగా కొన్నారు. 1934లో అమెరికా సైన్యం టపా మోయడానికి పూనుకుని, చెడు వాతావరణంలో వరసగా పైలట్లను పోగొట్టుకున్నాక, ఒక్కొక్కటి 3,500 డాలర్ల చొప్పున ఆరు లింక్ యంత్రాలు కొన్నది. నేటి సిమ్యులేటర్లకు మూలం అదే.

సాధారణ శిక్షణ విమానంలో ఆరు పరికరాలు రెండు వరసల్లో ఉంటాయి. పై వరసలో వేగం చూపేది, మధ్యలో కృత్రిమ క్షితిజం, పక్కన ఎత్తు చూపే ఆల్టీమీటర్. కింది వరసలో మలుపు చూపేది, దిక్కు చూపేది, నిమిషానికి ఎన్ని అడుగులు ఎక్కుతున్నదీ దిగుతున్నదీ చూపేది. మూడు గాలి ఒత్తిడితో పనిచేస్తాయి, మూడు గైరోస్కోపులతో. నిమిషానికి పది వేలకు పైగా చుట్లు తిరిగే చక్రం తన నిలకడను వదలదు, విమానం ఎటు ఒరిగినా అది అలాగే నిలుస్తుంది. ఆ నిలకడకూ విమానానికీ మధ్య వచ్చిన తేడానే కృత్రిమ క్షితిజం బొమ్మగా చూపిస్తుంది. కొత్త విమానాల్లో గైరోల బదులు సెన్సర్లు, ఆరు గడియారాల బదులు ఒక తెర వచ్చాయి. చూడవలసింది మాత్రం మారలేదు.

అసలు విద్య చూపు తిప్పడంలో ఉంది. చూపు కృత్రిమ క్షితిజం నుంచి బయలుదేరి దిక్కు మీదికి, మళ్లీ క్షితిజానికి, అక్కడి నుంచి ఎత్తు మీదికి, మళ్లీ క్షితిజానికి వస్తూ పోతూ ఉండాలి. కొత్తవారు రెండు తప్పులు చేస్తారు. ఒకటి, ఏదో ఒక ముల్లు తప్పిందని దానిమీదే కళ్లు అతికించుకోవడం. ఆ లోపు మిగతా అయిదూ జారిపోతాయి. రెండోది, బాగానే ఉందనుకున్న దాన్ని చూడటమే మానేయడం. సాధన కోసం పైలట్ నుదుటిన టోపీ చూరు లాంటి హుడ్ గానీ, పైభాగం మసకబారిన ప్రత్యేక కళ్లద్దాలు గానీ పెట్టుకుంటాడు. అప్పుడు కనిపించేది పరికరాల పలక ఒక్కటే. పక్క సీట్లో శిక్షకుడో, అర్హత గల మరో పైలట్ సేఫ్టీ పైలట్‌గానో కూర్చుని ఇతర విమానాలు రాకుండా బయట చూస్తుంటాడు. ఒంటరిగా హుడ్ పెట్టుకుని ఎగరడం ఎక్కడా ఒప్పుకోరు.

మొదటి పాఠాలు వినడానికి చాలా చిన్నవి. ఒకే ఎత్తులో, ఒకే దిక్కులో, ఒకే వేగంతో పది నిమిషాలు పోవడం. తర్వాత సెకనుకు మూడు డిగ్రీల చొప్పున మలుపు. ఆ లెక్కన పూర్తి చుట్టు రెండు నిమిషాల్లో ముగియాలి. వంద నాట్ల, అంటే గంటకు వంద నాటికల్ మైళ్ల వేగంతో పోయే విమానానికి అందుకు దాదాపు 15 డిగ్రీల ఒరుగు సరిపోతుంది. సంగీతం నేర్చేవారు సరళీ వరసలు మూడు కాలాల్లో పాడినట్టే, ఇన్‌స్ట్రుమెంట్ పైలట్లు ఎన్నేళ్ల అనుభవం వచ్చినా ఈ మలుపుల దగ్గరికి తిరిగి వస్తారు. అమెరికాలో రేటింగ్ పరీక్షకు ఎత్తులో వంద అడుగులు, దిక్కులో పది డిగ్రీలు, వేగంలో పది నాట్ల తేడా వరకు ఒప్పుకుంటారు. పరీక్ష అయిపోయాక ఆ హద్దును సగానికి, ఆ తర్వాత మరో సగానికి తగ్గించుకుంటూ పోవడం సాధకుల అలవాటు. ఎవరూ అడగరు, ఎవరూ మార్కులు వేయరు. ముల్లు మాత్రం మొహమాటపడదు. ఈ విద్యలో తృప్తికి మొదటి మెట్టు ఇదే: ఎంత బాగా చేశారో వెంటనే, నిక్కచ్చిగా తెలుస్తుంది.

తర్వాతి మెట్టు కొన్ని పరికరాలు పోయాయనుకుని ఎగరడం. గైరోలను తిప్పే వాక్యూమ్ పంపు పాడైతే కృత్రిమ క్షితిజం, దిక్కు చూపే గైరో మెల్లగా ఒరిగి అబద్ధం చెప్పడం మొదలుపెడతాయి. శిక్షకుడు వాటిమీద గుండ్రటి మూతలు అంటిస్తాడు. మిగిలిన వాటితో, గడియారంతో, అయస్కాంత దిక్సూచితో నడపాలి. దిక్సూచికి మలుపుల్లో తనదైన తిక్క ఉంది. భూ అయస్కాంత రేఖలు నేలలోకి వంగి ఉండటం వల్ల ఉత్తర దిశగా తిరిగేటప్పుడు అది వెనకబడుతుంది, దక్షిణ దిశగా తిరిగేటప్పుడు ముందుకు పరుగెత్తుతుంది. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణ కొస మీదుగా పోతుంది కాబట్టి, ఐరోపా పాఠ్యపుస్తకాలు భయపెట్టినంత తేడా బెజవాడ ఆకాశంలో ఉండదు. మరో అభ్యాసంలో పైలట్ కళ్లు మూసుకుంటాడు. శిక్షకుడు విమానాన్ని అటూ ఇటూ తిప్పి, వింత భంగిమలో వదిలి, ఇక చూడమంటాడు. ముక్కు కిందికి ఉండి వేగం పెరుగుతుంటే ముందు ఇంజిన్ తగ్గించాలి, తర్వాత రెక్కలు సమం చేయాలి, ఆ తర్వాతే ముక్కు లేపాలి. వరస మారితే రెక్కల మీద భారం ప్రమాదకరంగా పెరుగుతుంది.

విమానాన్ని నిలపడం వచ్చాక దారి పట్టడం నేర్చుకోవాలి. ఇక్కడి నుంచి అంతా రేడియోనే. తొలినాళ్ల అమెరికా వాయుమార్గాల్లో పైలట్ ముల్లును కూడా చూసేవాడు కాదు, చెవితోనే పోయేవాడు. దారికి ఒక పక్కన మోర్స్ సంకేతంలో 'ఎ' అక్షరం, మరో పక్కన 'ఎన్' అక్షరం వినిపించేవి. సరిగ్గా దారి మీద ఉంటే రెండూ ఒకదానిలో ఒకటి కలిసి ఆగని ఒకే శ్రుతిగా వినిపించేవి. తర్వాత వచ్చిన ఎన్‌డీబీ అనే ప్రసార కేంద్రాలు, వాటి దిక్కు చూపే ఏడీఎఫ్ అనే గ్రాహకం మీడియం వేవ్ పరిధిలో కూడా పనిచేస్తాయి. ఆకాశవాణి విజయవాడ కేంద్రాన్ని 837 కిలోహెర్ట్జ్ దగ్గర పట్టుకుంటే, దాని ముల్లు ఆ ట్రాన్స్‌మిటర్ వైపే తిరిగి చూపిస్తుంది. వార్తలు వింటూ దారి వెతుక్కోవడం ఒకప్పటి పైలట్లకు కొత్త కాదు. శ్రోతలకు తెలిసిన ఎఫ్ఎమ్ పట్టీ 108 మెగాహెర్ట్జ్ దగ్గర ముగిసిపోతుంది. సరిగ్గా అక్కడి నుంచే విమానాల దారిదీపాలైన వీఓఆర్ ప్రసారాలు మొదలై 118కి కాస్త ముందు వరకు సాగుతాయి. వీఓఆర్ తన చుట్టూ 360 దారులను గీస్తుంది. ఏ దారి మీద ఉన్నామో ముల్లు చెబుతుంది. దాన్ని నమ్మేముందు ఆ కేంద్రం మోర్స్‌లో చెప్పే పేరు విని సరిచూసుకోవడం నియమం.

హోల్డింగ్ అనేది సాధకులకు ఎంతో ఇష్టమైన చిక్కుముడి. దిగడానికి వంతు రాని విమానం ఆకాశంలో ఒక బిందువు దగ్గర అటూ ఇటూ తిరుగుతూ ఉండాలి. ఒక నిమిషం వెళ్లడం, కుడికి మలుపు, ఒక నిమిషం రావడం, మళ్లీ కుడికి మలుపు. గాలి లేని రోజున ఇది నాలుగు నిమిషాల సులువు లెక్క. డెల్టా మీద సముద్రపు గాలి తోసేటప్పుడు ఒక నిమిషపు దారి కుంచించుకుపోతుంది, అవతలిది సాగిపోతుంది. గాలి ఎంతో ఎటో కనిపించదు. మొదటి చుట్టులో వచ్చిన తేడాను బట్టి రెండో చుట్టులో ఎన్ని డిగ్రీలు, ఎన్ని సెకన్లు సర్దాలో లెక్క కట్టాలి. మూడో చుట్టులో సరిగ్గా నిమిషానికి బిందువు మీదికి వస్తే, కంటికి కనబడని గాలిని గడియారంతో కొలిచినట్టే.

దిగే ఘట్టం ఐఎల్ఎస్ (ఇన్‌స్ట్రుమెంట్ ల్యాండింగ్ సిస్టమ్) అనే వ్యవస్థది. రన్‌వే అవతలి కొస నుంచి లోకలైజర్ అనే ప్రసారం రెండు శ్రుతులు పంపుతుంది. దిగే పైలట్‌కు ఎడమ పక్కన సెకనుకు 90 కంపనాల శ్రుతి బలంగా ఉంటుంది, కుడి పక్కన 150ది. రెండూ సమానమైతే ముల్లు మధ్యకు వస్తుంది. గ్లైడ్ స్లోప్ అనే మరో ప్రసారం ఇదే కిటుకుతో, సాధారణంగా మూడు డిగ్రీల వాలులో, పైకీ కిందికీ దారి చెబుతుంది. 90 నాట్ల వేగంతో వచ్చే చిన్న విమానం ఆ వాలు మీద నిమిషానికి సుమారు 480 అడుగులు దిగాలి. దగ్గరకు వచ్చే కొద్దీ దారి సన్నబడుతుంది. రన్‌వేకు పది నాటికల్ మైళ్ల దూరంలో గ్లైడ్ స్లోప్ ముల్లు చివరిదాకా తప్పిందంటే ఎత్తులో తేడా 220 మీటర్లకు పైమాటే. రెండు వందల అడుగుల ఎత్తుకు దిగాక అదే ముల్లు అంతే తప్పితే తేడా 14 మీటర్లు. దూరంలో ఉన్నప్పుడు సరిపోయిన దిద్దుబాటు ఇక్కడ మోటు అవుతుంది. చేతి కదలిక ఆలోచనంత చిన్నదైపోవాలి. ముల్లు వెంట పరుగెత్తేవారికి ఇది ఎప్పుడూ కుదరదు. సరైన దిక్కును, సరైన దిగుదలను ముందే పట్టుకుని, వాటిని నిలిపి, ముల్లు తనంతట తాను మధ్యలో ఆగేలా చేసినవారికే కుదురుతుంది.

ఆల్టీమీటర్‌ను ఆ రోజు వాయుపీడనానికి సరిచేసుకోవడం ఇక్కడ ప్రాణంతో సమానం. ఒక హెక్టాపాస్కల్ తప్పితే ఎత్తు దాదాపు 28 అడుగులు తప్పుతుంది. తుపాను దగ్గర పడుతున్నప్పుడు పీడనం పడిపోతూ ఉంటుంది. పాత అంకెనే ఉంచి, పది హెక్టాపాస్కల్స్ తేడాతో వస్తే, పరికరం చూపే ఎత్తు కంటే విమానం 280 అడుగులు కిందే ఉంటుంది. కేటగిరీ-1 ఐఎల్ఎస్‌లో నిర్ణయం తీసుకోవలసిన ఎత్తు నేలకు 200 అడుగులు. ఆ ఎత్తులో తల ఎత్తి చూడాలి. రన్‌వే గానీ దాని దీపాలు గానీ కనిపిస్తే దిగవచ్చు. కనిపించకపోతే ఇంకొక్క క్షణం చూద్దామన్న మాట లేదు. ఇంజిన్ పూర్తిగా పెంచి, ముక్కు లేపి, నిర్దేశించిన దారిలో పైకి వెళ్లిపోవాలి. చాలామంది శిక్షకులు సాధనలో సగం సార్లు కావాలనే దిగనివ్వరు. తిరిగి వెళ్లిపోవడం ఓటమి అనిపించకుండా, అదీ ఒక మామూలు ముగింపే అనిపించేదాకా చేయిస్తారు. హుడ్ తీయగానే రన్‌వే సరిగ్గా ఎదురుగా, ఉండాల్సినచోట, ఉండాల్సినంత ఎత్తులో కనిపించడం ఈ విద్య ఇచ్చే అతి పెద్ద ఆనందమని చాలామంది చెబుతారు. అది నిజమే గానీ, నేలను చూడకుండా ముప్పై కిలోమీటర్లు లెక్క తప్పకుండా వచ్చామన్న ఎరుక అంతకంటే లోతైనది. రన్‌వే కనిపించడం దానికి రుజువు మాత్రమే.

సాహసక్రీడల్లో దొరికే ఉద్రేకం ఇందులో ఉండదు. గుండె వేగంగా కొట్టుకుంటోందంటే సాధన సరిగా జరగడం లేదనే లెక్క. ఎత్తు, దిక్కు, వేగం, గాలి, గడియారం, కంట్రోలర్ మాట, తర్వాత మార్చవలసిన ఫ్రీక్వెన్సీ ఇన్నీ ఒకేసారి మనసులో ఉంటాయి కాబట్టి మరో ఆలోచనకు చోటుండదు. ఆఫీసు గొడవ, ఇంటి బాకీ ఏదీ హుడ్ కిందికి రాదు. గంట గడిచాక ఒళ్లు అలసిపోతుంది, మనసు కడిగినట్టు ఉంటుంది. ఇంకో సంగతి, ఇది అహాన్ని అణచే విద్య. తన చెవి, తన వీపు, తన నమ్మకం చెబుతున్నది తప్పని, అంగుళమంత ముల్లు చెబుతున్నది నిజమని ప్రతి నిమిషం ఒప్పుకోవాలి. అలాగని ముల్లునూ గుడ్డిగా నమ్మకూడదు. ఒకదాన్ని మరొకదానితో సరిచూడాలి.

ఈ తృప్తికి ఒక చెడ్డ తమ్ముడు ఉన్నాడు, అతివిశ్వాసం. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఉన్నంత మాత్రాన క్యుములోనింబస్ అనే ఉరుముల మేఘంలోకి వెళ్లే అర్హత రాదు. వేసవి సాయంత్రాల్లో, రుతుపవనాల ముందు లేచే ఆ మేఘాల్లోని ఎగుడుదిగుడు గాలులు పెద్ద విమానాలను కూడా కుదిపేస్తాయి. చిన్న విమానం వాటికి దూరంగా ఉండవలసిందే. మచిలీపట్నంలోని డాప్లర్ వాతావరణ రాడార్ చిత్రాలు చూడకుండా డెల్టా మీద మబ్బుల రోజున బయలుదేరడం తెలివైన పని కాదు. పైగా ఈ నైపుణ్యం త్వరగా తుప్పు పడుతుంది. అమెరికా నిబంధనల ప్రకారం గడిచిన ఆరు నెలల్లో పరికరాలతో రన్‌వే వైపు దిగి వచ్చే ఇన్‌స్ట్రుమెంట్ అప్రోచ్‌లు ఆరు, హోల్డింగ్, దారి పట్టే అభ్యాసాలు చేసి ఉండకపోతే మబ్బులోకి వెళ్లకూడదు. రేటింగ్ కాగితం జేబులో ఉండి, ఏడాదిగా హుడ్ పెట్టని పైలట్ కంటే, రేటింగ్ లేక మబ్బును చూసి వెనక్కి తిరిగే పైలట్ క్షేమంగా ఉంటాడు.

మన దేశంలో ప్రైవేట్ పైలట్‌గా ఈ సాధన చేయడం తేలిక కాదు. రేటింగ్‌కు 50 గంటలు ఊరూరికీ తిరిగిన అనుభవం, 40 గంటల ఇన్‌స్ట్రుమెంట్ సమయం కావాలి. అందులో 20 గంటల వరకు సిమ్యులేటర్ మీద చేయవచ్చు. ఫ్లయింగ్ క్లబ్బులు తక్కువ, పెట్రోలు ఖరీదు, ప్రతి ప్రయాణానికీ వాయుసేన నుంచి అనుమతి సంఖ్య తీసుకోవాలి. కృష్ణకు ఎగువన నాగార్జునసాగర్ దగ్గరి ఎయిర్‌స్ట్రిప్‌లో, హైదరాబాద్ బేగంపేటలో శిక్షణ విమానాలు ఎగిరినా, నేర్చుకునేవారిలో అత్యధికులకు ఉద్యోగమే గమ్యం. సరదా కోసం నేర్చుకునే అవకాశం ఎక్కువగా దొరికింది విదేశాల్లోని తెలుగువారికి. విజయవాడలో పుట్టిన తోటకూర గోపీచంద్ అమెరికాలో విమానయానం చదివి, జెట్ విమానాలతోపాటు సీప్లేన్లు, గ్లైడర్లు, వేడిగాలి బెలూన్లు కూడా నడిపారు. 2024 మే 19న బ్లూ ఆరిజిన్ నౌకలో అంతరిక్షం అంచుకు వెళ్లివచ్చారు.

పరికరాలు మాత్రం ఇక్కడికీ వస్తున్నాయి. ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి నిర్మించిన 'గగన్' వ్యవస్థ జీపీఎస్ లెక్కలను ఉపగ్రహాల ద్వారా సరిదిద్దుతుంది. నిలువు మార్గదర్శనంతో రన్‌వే మీదికి దింపడానికి 2015లో దానికి ఆమోదం వచ్చింది. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో ఏటీఆర్ విమానం దాని సాయంతో దిగింది. రన్‌వే పక్కన ఖరీదైన ట్రాన్స్‌మిటర్లు అక్కరలేదు కాబట్టి చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లకు ఇది మంచి కబురు. ఇంట్లో కంప్యూటర్ మీద నడిచే ఫ్లయిట్ సిమ్యులేటర్ల విలువ కూడా తక్కువ కాదు. అవి చెవిలోని ద్రవాన్ని మోసగించలేవు గానీ, చూపు తిప్పడం, హోల్డింగ్ లెక్కలు, ఐఎల్ఎస్ ముల్లును నిలపడం నేర్పగలవు. గుడివాడలోనో తెనాలిలోనో ఉన్న ఇంటర్ విద్యార్థి గన్నవరం రన్‌వే 26కు రాత్రి తొమ్మిదింటికి సిమ్యులేటర్ మీద వంద సార్లు దిగవచ్చు. పైసా పెట్రోలు ఖర్చు కాదు.

వచ్చే సంక్రాంతి ముందు ఏదో ఒక ఉదయం గన్నవరానికి వచ్చిన విమానం మంచులో చుట్టూ తిరిగి, దిగకుండా హైదరాబాద్‌కు వెళ్లిపోయిందని వార్త వస్తే, శ్రోతలు పైలట్‌ను తప్పుపట్టవద్దు. నిర్ణయించిన ఎత్తుకు వచ్చి తల ఎత్తినప్పుడు ఆయనకు దీపాలు కనిపించలేదు, లేదా అక్కడికి రాకముందే టవర్ చెప్పిన దృశ్యదూరం ఆ రన్‌వేకు నిర్ణయించిన అంకె కంటే తక్కువగా ఉంది. అప్పుడు తిరిగి వెళ్లిపోవడమే ఆయన నేర్చుకున్న పద్ధతి.